నల్లది, గులాబీది

ముసలివాళ్ల కోసం తనే డిజైన్ చేసిన వాచీని, అమ్మకానికి పెట్టేముందు ఒక పెద్దావిడ చేతికి తొడిగి చూస్తోంది ఓ అమ్మాయి.

“గులాబీ రంగెందుకమ్మా?”

“లేడీస్‌ది కదా ఆంటీ! జెంట్స్‌ది నలుపు. మీరు కింద పడితే ఇదే మీ అబ్బాయికి ఫోన్ చేస్తుంది.”

“మా ఆయన పక్కగదిలోనే ఉంటారుగా?”

“అంకుల్ కంగారుపడతారని ఆయన నంబర్ పెట్టలేదు.”

“మరి ఆయన పడితే?”

“నల్లది మీకు చేస్తుంది.”

“నేను కంగారుపడనా?”

“మీకు అలవాటేగా ఆంటీ!”

“సరే, ఇద్దరం ఒకేసారి పడితే?”

“మీది అబ్బాయికి వెళ్తుంది. అంకుల్‌ది… మీకే వస్తుంది.”

“అంటే నడుం విరిగి పడున్నా, ఆయన ఫోను నేనే ఎత్తాలన్నమాట! నిజం చెప్పు తల్లీ, దీన్ని తయారుచేసింది నువ్వా, పోయిన మా అత్తగారా?”