నీలం మంట

(పులివెందుల. మద్యనిషేధం ఉన్న రోజులు. మిట్టమధ్యాన్నం. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివే ఆదినారాయణ, ప్రొద్దుటూరులో జతగాని పెండ్లి చూసుకోని పొద్దన బస్సుకు ఇల్లు చేరినాడు. పక్కన వాళ్లవ్వ సుబ్బరత్నమ్మ.)

“ఇట్లా నా దగ్గరికి జరుగు నాయనా. ఎండ నీ మొగాన్నే కొడతాంది.”

“ఎండ యాడుందవ్వా? మబ్బు పట్టింది కదా.”

“మబ్బా? ... నిన్న పెండ్లిలో ఏం తిన్న్యావురా?”

“అమ్మకు చెప్పినా కదా. వడలు పడలేదు.”

“వడలు పడనోడు కక్కుకుంటాడు, సరే. ఇట్లా తల పట్టుకోని కూలబడడు. నేను మీ అమ్మను కాదు. ఏం తాగినావో చెప్పు.”

“కొంచెమేలే. అందరూ తాగినారు. తాగకుంటే అవ్వ కొంగు వదల్లేదంటారు హాస్టల్లో.”

“వదలకుంటే ఏం పాయ? రేపు తాగుడు నిన్ను వదలకుంటే?”

“తాగుబోతు వేరు, మేము వేరు. వాడు కాలవలో పడి దొర్లుతాడు. మేము చదువుకున్నోల్లం, యాడ ఆపాల్నో తెలుసు. ఊరికే సరదాకు.”

“సారా అంగళ్లు మూసి ఎన్నేండ్లాయ. మీకు యాడ దొరికిందప్పా?”

“సారా కాదు.”

“మరి ఏంది?”

“అదే... బీరువాలకు పూసే పాలిష్. ఉప్పేస్తే లక్కంతా అడుక్కు పోతాది, పైది వడగట్టుకుంటాము. అట్ల చూస్తావేంది? మేమేం మొద్దులమా? చదివేదే కెమిస్ట్రీ. స్పూన్లో పోసి అంటిచ్చి చూసినాం. నీలం మంట, పొగే లేదు. మంచిదని తేల్చింది నేనే. నేను సరే అన్న్యాకనే వాళ్లు తాగినారు.”

(పక్కింటామెను కేకేసి) “లక్ష్మీకాంతమ్మా, మీ ఆయన్ను జీపు తెమ్మను. కడప ఆస్పత్రికి పోవాల. పొయ్యి మీద ఏముంటే అది మాడనీ, పో.”

“జీపెందుకవ్వా? అమ్మకు తెలిస్తే...”

“నోరు మూసుకోని ఇను. మా తమ్ముడు తిరుపాలు, జమ్మలమడుగులో హైస్కూలు చదివినోడు. సారా మూసిన కొత్తల్లో ఈ పాలిషే తెచ్చినాడు. వద్దురా అంటే అగ్గిపుల్ల గీసి చూపిచ్చినాడు నాకు. నీలంగా, శానా సొగసుగా మండె. మర్నాడు కడుపునొప్పి అన్న్యాడు. తిన్నది అరగలేదులే అన్న్యాడు. మాపటికి మనిషి లేడు.”

“... పాలిష్‌కేనా?”

“పొయ్యేముందర ఒక మాట అన్న్యాడు. ఆ మాట మనసులో పెట్టుకో. నీతో తాగినోల్లకు కబురు చేసేటప్పుడు అదే చెప్పు. బతికి హాస్టలుకు పోతే ఆడా చెప్పు, రేపు నీ బిడ్డలకూ చెప్పు. పట్టపగలు, ఇట్లే నడింట్లో కూచోని, ‘అక్కా, తలుపెందుకు మూసినావు’ అన్న్యాడు. తలుపు బార్లా తెరిచే ఉండె.”

“అవ్వా.”

“ఊఁ.”

“మన తలుపు తెరిచే ఉందా?”