మొదటి తుపాకీ పేల్చని మనిషి

అమ్మలారా, అయ్యలారా, గుల్లలంక పెద్దలారా,

ఇంతమంది వస్తారని బుల్లెమ్మ అనుకోలేదు. భర్త పెద్దింటయ్య గారి దినాలకు చాపలు చాలక పక్కిళ్ళ నుంచి తెచ్చుకున్నాం. ఆ పక్కిళ్ళ వాళ్ళు ఈ గడప తొక్కి ఎన్నాళ్ళయిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బడిలో మీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్నని నాలుగు మాటలు మాట్లాడమన్నారు. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. కాస్త ఓపికతో వినండి.

కొల్లేటి అడుగున నత్తగుల్ల తవ్వి, సున్నం కాల్చి బతికిన ఊరు మనది. ఏటా ఆఖరి బట్టీ ఆరిన రోజున ఊరంతా దోనెలెక్కి పిట్టల వేటకు వెళ్ళేది. మొదటి తుపాకీ పెద్దింటయ్య గారిది. ఆయన పేల్చకుండా ఇంకొకరు పేల్చకూడదు. ఆయన తానుగా ఇస్తే తప్ప, బతికుండగా ఆ హక్కు ఇంకొకరికి పోదు.

పంతొమ్మిది వందల ముప్పైరెండో సంవత్సరం వేటలో ఆయన ఒక గూడబాతును కొట్టారు. దాని గొంతు సంచిలో పిల్లల కోసం తెస్తున్న చేపలున్నాయి. చెట్టు మీద గూట్లో ఆ పిల్లలు పొద్దుగూకేదాకా అరిచాయి. మరుసటి ఏడు దోనెలన్నీ తుంగలో ఆగి, ఆయన తుపాకీ కోసం ఎదురుచూశాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, "నా వల్ల కాదర్రా, ఇంటికి పోదాం పదండి" అన్నారు. "పెదనాన్నకి పిట్టలతో వియ్యం కుదిరిందిరోయ్" అన్నాడు తమ్ముడి కొడుకు ముత్యాలరావు. దోనెలన్నీ నవ్వాయి. ఆయనతో కలిసి ఊరు నవ్వడం అదే ఆఖరు.

అలా వేట ఆగిపోయాక ఆయన బట్టీ పేర్చడానికి ఎవరు వెళ్ళారండీ? గుల్లా ఊకా వరసలుగా పేర్చడం పదిమంది పని. ఆలుమగలిద్దరే పేర్చుకున్నారు. బడి అరుగు మీంచి చూసేదాన్ని. ఊరి పొగంతా ఒకవైపు, ఆయన పొగ ఒక్కటీ ఒకవైపు.

వేట కావాలన్న ముత్యాలరావుది తప్పని నేననను. సిమెంటు బస్తాలు ఏలూరులో, తాడేపల్లిగూడెంలో రైలు దిగుతున్నాయి. మన సున్నం అడిగేవాడు లేడు. కుర్రవాళ్ళు జనపనార మిల్లుకు పోతున్నారు. "గుల్ల పోయింది, బట్టీలు పోతన్నాయి. వేట కూడా పోతే మనమంతా ఒక ఊరోళ్ళమని ఎలా తెలుద్దండీ, పంతులమ్మగారూ?" అని అతను నన్ను అడిగాడు. అతని మాటా నిజమే. వేట ఆగాక ఊరంతా ఒక్కచోట చేరింది ఈరోజే కదా.

పోయిన దసరాకు పెద్దలు వచ్చి, తుపాకీ ముత్యాలరావుకు ఇచ్చేస్తే అందరం మళ్ళీ కలిసిపోతామన్నారు. ఆయన తల వంచుకుని, "మీరు మాట్లాడితే నాకు బాగుంటదండీ. ఎవరైనా పలకరిస్తారేమోనని రోజూ పొద్దున్నే ఈ అరుగు మీదే కూర్చుంటన్నాను. అయినా ఇవ్వలేను" అన్నారు. ఎవరినీ తప్పు పట్టలేదు.

ఇప్పుడు హక్కు ముత్యాలరావుది. ఆచారం ప్రకారం ఈ సభ చివర అతను ఆకాశంలోకి ఒకసారి పేల్చి దాన్ని అందుకోవాలి. రేవు చెట్ల మీద గూళ్ళలో గూడబాతు పిల్లలున్నాయి. వద్దనడానికి నేనెవరినయ్యా, ముత్యాలరావూ? బుల్లెమ్మ కూడా వద్దనలేదు. నీకేది మంచిదో అమ్మవారే నీకు తోపించాలి.

దానికి ముందు అందరం లేచి నిలబడదాం. తల్లులారా, పిల్లల్ని ఎత్తుకోండి. ఇన్నేళ్ళూ ఆయన ఒక్కరే భరించిన మౌనాన్ని కాసేపు మనమందరం కలిసి భరిద్దాం.