కజిస్ మణికట్టు

పెన్సిల్వేనియాలో ఒక బొగ్గు గనుల ఊరు, 1951, ఆదివారం మధ్యాహ్నం. లిథువేనియా వాళ్ళ చర్చి హాల్లో పాత బాస్కెట్‌బాల్ ఆటగాడు కజిస్‌కి సన్మాన భోజనం. సన్మానం అందుకోవలసిన పెద్దమనిషి హాలు వెనక వంటగదిలో దాక్కుంటే, డెట్రాయిట్ నుంచి వచ్చిన పాత జట్టువాడు ప్రానస్ పట్టేశాడు.

"ఇక్కడున్నావా కజిస్ అన్నా! ఫాదరు నీ కోసం హాలంతా వెతుకుతున్నాడు."

"తలుపెయ్యి. ముందు ఆ తలుపెయ్యరా ప్రానస్."

"కొత్త పెళ్ళికూతురిలా ఏంటిది? అక్కడ దుంపల కుగెలిస్ చల్లారిపోతోంది."

"ముప్పై ఏళ్ళు రానివాడివి, ఇవాళే ఎందుకొచ్చావు?"

"ఫాదరు ఉత్తరం రాశాడు. నీతో నాలుగేళ్ళు ఆడినవాణ్ణి, రానా మరి? గోడ మీద నీ ఫోటో చూశాను. ఆ మీసం! ఆడపిల్లలు ఇనప వలలోంచి చెయ్యి పెట్టి నీ చొక్కా లాగేవాళ్ళు."

"లాగేది మనూరి వాళ్ళు. పక్క లోయ ఆడవాళ్ళు టోపీ పిన్నులతో గుచ్చేవాళ్ళు."

"వాళ్ళ మగాళ్ళో? గని దీపం మీద మేకులు కాల్చి విసిరేవాళ్ళు! కోర్టు చుట్టూ కోళ్ళగూడులా ఆ వల కట్టి ఆడేవాళ్ళమంటే మా అబ్బాయి నమ్మడు. కజిస్ అన్న వారానికి మూడు ఊళ్ళలో మూడు పేర్లతో ఆడేవాడంటే అసలు నమ్మడు."

"పదకొండేళ్ళు గనిలోకి దిగకుండా బతికాను, ఆ బంతి పుణ్యమే. ఫౌల్ ఎవడి మీద జరిగినా, జట్టు మొత్తానికి ఫ్రీ షాట్ ఒక్కడే వేసేవాడని చెప్పావా?"

"చెప్పాను. మన జట్టుకి నువ్వేనని చెప్పాను."

"కప్పు ఆటలో ఆఖరి షాట్ ఎవరు వేశారో చెప్పావా?"

"ఆ రొట్టె ఇటివ్వు."

"ప్రానస్..."

"ఎందుకన్నా అవన్నీ? నీ మణికట్టు వలకి కొట్టుకుంది. 'నువ్వెయ్యరా' అన్నావు. వేశాను. పోయింది. పక్క లోయ వాళ్ళు కప్పు పట్టుకెళ్ళారు. అయిపోయింది."

"ఎక్కడ అయిపోయింది? ఈ ఊళ్ళో ఇప్పటికీ కంచం చెయ్యిజారితే 'ప్రానస్ వేశాడు' అంటారు."

"విన్నాను. ఇందాక వంటావిడే అంది, నేనెవరో తెలీక."

"నీ పక్కన నిలబడి బొగ్గు తవ్వేది లేదన్నారు అందరూ. నిన్ను చేసుకుంటానన్న పిల్ల ఉంగరం తిరిగిచ్చేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను."

"నువ్వేం చేస్తావు, విరిగిన చేత్తో?"

"విరగలేదు."

"ఏంటీ?"

"విరగలేదురా. వాపు కూడా లేదు. ఆ ఒక్కటి పడితే సమం, పోతే కప్పు పోయినట్టే. హాలంతా గప్‌చుప్. అందరూ నా వంకే చూస్తున్నారు. తప్పితే నా పేరేమైపోతుందోనని మణికట్టు పట్టుకుని కూలబడ్డాను. సిగ్గేస్తోందిరా. నీ మొహం చూడాలంటే సిగ్గేస్తోంది."

"ఇదిగో నీ రొట్టె. నాకొద్దు."

"తిట్టు. కొట్టు. ఏదో ఒకటి అనరా!"

"ఆ ఏడే మా అమ్మ పోతే, శవపెట్టె మోయడానికి ఈ ఊళ్ళో నలుగురు రాలేదు కజిస్."

"నేనొచ్చాను."

"వచ్చావు. నువ్వొక్కడివే వచ్చావు. ఎంత మంచివాడివో అని నిన్ను పట్టుకుని ఏడ్చాను."

"అనకు. ఇంక అనకురా."

"అనమన్నావుగా."

"లోపల ఫాదరు ఏం చదువుతాడో తెలుసా? 'విరిగిన చేత్తో ఆఖరిదాకా నిలబడ్డ వీరుడు' అని. వినలేక ఇక్కడికొచ్చి కూర్చున్నాను."

"అయితే వినకు. లే. మూడొందల మంది ఉన్నారక్కడ. నాకు చెప్పింది వాళ్ళకి చెప్పు. నాకింకేం వద్దు నీ దగ్గర."

"చెబుతాను. ఇవాళ చెప్పే తీరతాను."

"అదిగో, పిలుస్తున్నారు. తలుపు తీస్తున్నాను, పద."

"ఆగు. ఆగరా. అందరూ ఇటే చూస్తున్నారు... ప్రానస్, నా వల్ల కాదురా. నా బదులు నువ్వు చెప్పవూ?"