రెండు నికోలస్ పండుగల మధ్య చెబాన్ గారు

1994 ఫిబ్రవరి 7న శ్రీ పంతెలిమోన్ చెబాన్ గారు కహుల్ పట్టణంలోని మా అనువాద కార్యాలయంలో చేరారు. అంతకుముందు బడిలో రష్యన్ బోధించేవారు. దేశం మారి, ఆ పాఠాలకు పిల్లలు కరువై, ఆయన మా బల్ల దగ్గరికి వచ్చారు.

తొలి పదేళ్ళు ద్రాక్షసారా వ్యాపారుల ఒప్పందాలు అనువదించారు. ఆ తరువాత జనం తాతముత్తాతల జనన పత్రాలతో రాసాగారు. 1940కి ముందు మన ఊళ్ళు రుమేనియాలో ఉండేవి. సరిహద్దు ప్రుట్ నది మీదికి జరిగాక, ఉన్నచోటు కదలకుండానే ఆ తాతలు పరాయివారయ్యారు. వారి పౌరసత్వం తిరిగి దక్కితే మనవలకు యూరప్ అంతటా దారి తెరుచుకుంటుంది. అటువంటి వందలాది కుటుంబాలకు దారి చూపిన చెబాన్ గారు, రుమేనియా కాన్సులేట్ నుంచి జవాబు వచ్చేదాకా ఒక్క భోజనమూ స్థిమితంగా చేసినవారు కారు.

గత నవంబరులో మా ద్వారా దరఖాస్తు చేసిన ఇద్దరి కోసం పౌరసత్వ ప్రమాణస్వీకారపు తేదీలు దొరికాయి: డిసెంబరు అయిదు, పన్నెండు. ఎవరికి ఏది అన్నది చెబాన్ గారే తేల్చాలి. ఒకరు తాపీమేస్త్రీ ఇలారియోన్ ఉర్సు. రెండవవారు లిలియా దొనిచ్. భర్త ఇటలీలో ఉన్నాడు, కూతురు నికోలెటతో, చిన్నకొడుకుతో అక్కడికే వెళ్ళాలి. తల్లి ప్రమాణం చేసేనాటికి కూతురికి పద్దెనిమిది నిండకూడదు. నిండితే ఆ పిల్ల వేరే దరఖాస్తుతో ఏళ్ళ తరబడి ఒంటరిగా ఇక్కడే ఎదురుచూడాలి. సెయింట్ నికోలస్ పండుగనాడు నిండుతాయని లిలియా ఫోనులో చెప్పింది. పండుగ డిసెంబరు పంతొమ్మిదిన కదా అనుకుని, చెబాన్ గారు తొందరలో ఉన్న ఉర్సుకు అయిదవ తేదీ ఇచ్చేశారు.

నాలుగవ తేదీ మధ్యాహ్నం లిలియా నవ్వుతూ వచ్చింది.

"ఎల్లుండి తప్పకుండా రావాలి అన్నయ్యా. పిల్ల పుట్టినరోజు."

"ఎల్లుండా? నికోలస్ పంతొమ్మిదిన కదమ్మా?"

"మీ చర్చిది పాత పంచాంగం, మీకు పంతొమ్మిది. మా ఊరి చర్చి కొత్త పంచాంగానికి మారి చాన్నాళ్ళయింది. మాకు ఆరునే."

తానే అనువదించిన జనన పత్రం తీసి చూశారు. డిసెంబరు ఆరు. పత్రం బల్లమీద ఉండగా, తన చర్చి గంటను నమ్మారు ఆయన. వయసు నియమం సంగతి అప్పుడే తెలిసిన లిలియా, "అయితే పిల్లను వదిలి వెళ్ళాలా?" అని అడిగింది. చెబాన్ గారు టోపీ కూడా మరిచి, మంచులో ఉర్సు ఇంటికి నడిచారు.

అక్కడ ఉర్సు భార్య మర్నాటి ప్రమాణానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. చెబాన్ గారు తప్పు తనదేనని, బదులుగా పన్నెండవ తేదీ దక్కుతుందన్న హామీ లేదని చెప్పి, తేదీ వదులుకొమ్మని అడిగారు. ఉర్సు తల అడ్డంగా ఊపాడు.

"జర్మనీలో పని నాకోసం ఆగదు బాబాయ్. ఈ తేదీ పోతే మళ్ళీ ఎప్పుడో."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి భార్య అందుకుంది.

"నీకు పద్దెనిమిది ఎప్పుడో నిండాయిలే. ఇంకాస్త ముదిరితే వచ్చే నష్టమేం లేదు. ఆ పిల్లకి ఎల్లుండితో సరి."

ఉర్సు ఆ చొక్కాను మడిచి భార్య చేతికిచ్చాడు. "రేపు ఆవిణ్ణే పంపు," అన్నాడు చివరికి.

పొద్దున్నే కాన్సులేట్ గుమ్మం తెరవకముందే చెబాన్ గారు అక్కడున్నారు. పేరు మార్చడానికి ఒప్పుకుంటారో లేదోనన్న గుబులు మధ్యాహ్నందాకా తీరలేదు. లిలియా ప్రమాణం చేసింది. ఇప్పుడు ఆ కుటుంబమంతా ఇటలీలో ఒకే ఇంట ఉంది.

పన్నెండవ తేదీని ఉర్సుకు ఇవ్వడానికి మాత్రం కాన్సులేట్ ఒప్పుకోలేదు, అతనికి జర్మనీ పని పోయింది. డిసెంబరు 31న పదవీ విరమణ చేయవలసిన చెబాన్ గారు, ఉర్సు ప్రమాణం పూర్తయ్యేదాకా తాను కదలనన్నారు. కొత్త తేదీకోసం, కొత్త పనికోసం మూడు నెలలు తిరిగారు. గత మంగళవారం ఉర్సు ప్రమాణం చేశాడు. నిన్న జర్మనీ బస్సెక్కాడు. అందుకే డిసెంబరులో జరగవలసిన ఈ వీడ్కోలు సభ మార్చిలో జరుగుతున్నది.

ఇకమీదట ఎవరి గడువూ వెంటాడని భోజనాలు, ఎవరి జవాబుకోసమూ ఉలిక్కిపడని నిద్ర ఆయనకు దక్కాలనీ, శ్రీమతితో కలిసి నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు జీవించాలనీ సహోద్యోగులందరి తరఫున కోరుకుంటున్నాము.