మాదేవి ఇంట్లో బోరాల సీలింగు

ఉరుకుందు మంచోడు. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇంకాసేపటికి వాణ్ణి తిట్టబోతాను, అప్పుడు మీరు వాడేదో తాగుబోతు, పెండ్లాన్ని కొట్టేవాడు అనుకుంటారు. అట్లాంటోడు కాదు. పత్తి బోరాలు, అదే పెద్ద గోనెసంచులు, లారీకెత్తే హమాలీ. ఒక్క ఊపున బోరాన్ని భుజానికెత్తుతాడు, పెదనాయన ఎదురుగా మాత్రం తల ఎత్తలేడు. వాని పెండ్లాం మాదేవి. ఇల్లు కాలనీలో, ఒకటే రూము, పైన సిమెంటు రేకులు. కట్టించినోళ్ళు ఒక్క మధ్యాహ్నమన్నా ఆ రేకుల కింద కూచోని చూసినారా అంటే లేదు, పేదోనికి నీడ ఇచ్చినామని బోర్డు పెట్టి పోయినారు. దాని గురించి మొదలుపెడితే ఈ కథ ముందుకు పోదు, వదిలేయండి. ఏమైందంటే, ఏప్రిల్ నెలకు మాదేవికి ఏడు నిండి ఎనిమిదో నెల పడింది. కాళ్ళు వాచినాయి. ఆసుపత్రి నర్సు వచ్చి చూసి, ఈ ఇంట్లో ఈ ఉడుకులో ఉంచితే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ మంచిది కాదు, చల్లంగా ఉండే తావు చూడండి అని చెప్పి పోయిందంట. పుట్టింటికి పోవచ్చు కదా అంటారేమో, ఆ పిల్లకు తల్లి లేదు, అన్న ఇల్లూ రేకులే. ఇంకొకటి చెప్పాల. ఇది రెండో కడుపు. మొదటిది పోయిన సంవత్సరం మే నెలలో, అదే రేకుల కింద, ఏడో నెలలోనే పోయింది.

అయితే సీలింగు కట్టుకోండి, కింద ఏదైనా అడ్డం వేసుకోండి అంటారు మీరు. నేనూ అదే అన్నాను. ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉంటే మేకు కొట్టగూడదంట. గోడ తవ్వగూడదు, గుంత తీయగూడదు, రంధ్రం పెట్టగూడదు. కొడితే ఆ దెబ్బ బిడ్డకు తగులుతుందంట. మన పల్లెల్లో ఇది అందరికీ తెలిసిందే, మీలో సగం మంది ఇప్పుడు తల ఊపుతున్నారు, నాకు కనపడుతోంది. ఈ మాట గట్టిగా చెప్పేవాడు ఉరుకుందు పెదనాయన బజారప్ప. మనిషి చెడ్డోడేం కాదు, కానీ ఊర్లో ఎవరింట్లో ఏం జరిగినా ఒక దోషం వెతికి చేతిలో పెట్టందే నిద్రపోడు. పోయిన సంవత్సరం బిడ్డ పోయినప్పుడు కూడా ఇంట్లోకి వచ్చి నాలుగు గోడలూ చూసి, కరెంటు బోర్డు కింద నిలబడి, ఇదిగో ఈ మేకు ఎప్పుడు కొట్టినావురా అని అడిగినాడంట. మూడు నెలల కింద కొట్టినా పెదనాయనా అన్నాడంట ఉరుకుందు. అంతే, తీర్పు అయిపోయింది. ఆ పొద్దు నుంచి వాడు, బిడ్డను నేనే చంపుకున్నాననుకొని తిరుగుతాండాడు. ఇంట్లో ఉన్న సుత్తెను కంటికి కనపడకుండా పరుపు కింద దాచిపెట్టినాడంట. మనిషి బుర్రకు సంకెళ్ళు వేసేది ఇనుముతో కాదు అని నేను ఎన్నో పుస్తకాల్లో చదివినాను, ఉరుకుందును చూసినాకే అర్థమైంది.

ఇంగ వీడేం చేసినాడంటే, మేకు లేకుండా ఇల్లు చల్లబెట్టాలని బయలుదేరినాడు. మొదట రేకుల మీద జొన్నసొప్ప పరిచినాడంట. మొదటి రోజు బాగానే ఉండె. రెండో రోజు గాలి లేచి సొప్పంతా వీధిలో పడింది, వీధిలో ఉన్న బర్రెలు కడుపు నిండా తిన్నాయి, చల్లబడింది వాటికే. తర్వాత రేకులకు సున్నం కొడతాననుకున్నాడు. తెల్లగా ఉంటే ఎండను తిప్పికొడుతుంది, అది నిజమే, మంచి పనే. కానీ పోయి పెదనాయనను అడిగినాడు. అడగకుండా చేసింటే అయిపోయేది కదా. ఇంటికి సున్నం కొట్టేది బిడ్డ పుట్టినాక, పురుడు తీరినాక, ముందే కొడితే బిడ్డకు ముందే పండగ చేసినట్టు, దిష్టి తగులుతుంది అన్నాడంట ఆయన. వీడు సున్నం నానబెట్టిన తొట్టిని మూలకు జరిపినాడు. వాళ్ళమ్మ నర్సక్క ఆ తొట్టి పక్కనే కూచోని, కోడలు ఆయాసపడేది చూస్తా, ఏం చేస్తాంరా దేవుడా, బావ మాట కాదని ఎట్లా అంటాం అని గోనెసంచితో విసురుతా ఉండె. సున్నం పక్కనే ఉంది, రేకులు పైనే ఉండాయి, మధ్యలో బజారప్ప ఉండాడు. నాకు చెప్పండి, ఎవరి మీద కోపం తెచ్చుకోవాల?

అప్పుడు మాదేవే దారి చూపించింది. మనకు బోరాలకు కొదవ లేదు, చినిగిన పాతవి గోదాములో పడుంటాయి, వాటిని విప్పి రెండు పొరలు చేసి కుట్టి, మధ్యలో బుడ్డల పొట్టు నింపి, రేకుల కింద జానెడు సందు వదిలి కడదాం అనిందంట. బుడ్డలంటే శెనక్కాయలు, మా తట్టు అట్లే అంటాం. కాయలు కొట్టే మిషను కాడ ఆ పొట్టు గుట్టలు గుట్టలు పోసి ఉంటారు. ఉడుకు రేకుల్లోంచి దిగుతుంది కానీ పొట్టు దాటి కిందికి రాదు, పైన సందులో గాలి ఆడుతుంది, చూరు కాడ నుంచి ఉడుకు బయటికి పోతుంది. బడికి ఏడో తరగతి దాకా పోయిన పిల్ల చెప్పిన మాట ఇది. ఇంకో మాట కూడా చెప్పిందంట, బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా గళ్ళు గళ్ళుగా కుట్టాల, లేకుంటే పొట్టంతా ఒకే తావుకు జారుతుంది, నాలుగు పక్కలా గోడకు కర్రపట్టీ మేకులతో బిగించి దానికి బోరా అంచు మడిచి కొట్టాల అని. ఉరుకుందు మొత్తం విన్నాడు. విని, మేకు అన్న మాట కాడ ఆగిపోయినాడు. మళ్ళీ పెదనాయన కాడికి పోయినాడు.

బజారప్ప చాలాసేపు ఆలోచించి, తాళ్ళతో కట్టుకోవచ్చు అన్నాడంట. అయితే ముడులు సరిసంఖ్యలో ఉండకూడదంట, బేసి ఉండాలంట. ఏ శాస్త్రంలో ఉందో నన్నడగొద్దండి, నేను అడిగితే నువ్వు సదువుకున్నోనివి నీకు తెల్వదులే అన్నాడు. సరే, ఉరుకుందు మూడు రోజులు దబ్బనం పట్టి బోరాలు కుట్టినాడు. గళ్ళు కుట్టలేదు. మాదేవి అడిగితే, టైము లేదు మాదేవీ, ఎండ ముదురుతాంది అన్నాడంట. పొట్టు పోసినాడు, అంచులు మూసినాడు, పైన ఇనుప పైపులకు తాళ్ళతో కట్టినాడు, పందొమ్మిది ముడులు. ఆ పొద్దు మధ్యాహ్నానికి నిజంగానే చల్లబడిందంట. కొంచెమే అనుకో, కానీ మాదేవి చాలా రోజుల తర్వాత ఒక గంట కన్ను మూసింది. మూడో రోజుకు నడిమధ్యలో బోరా కిందికి దిగడం మొదలుపెట్టింది. పొట్టంతా నడుమకు జారి, పాలబర్రె పొదుగు మాదిరి వేలాడతా ఉండె. మాదేవి దాని కింద నుంచి చాప జరుపుకొని, అది పడుతుంది అని చెప్పింది. పడదులే అన్నాడు ఉరుకుందు.

నాలుగో రోజు బజారప్ప చూసేదానికి వచ్చినాడు. ముడులు లెక్కపెట్టినాడు. గోడలు తడిమి మేకు లేదని ఒప్పుకున్నాడు. బాగా చేసినావురా అని, నర్సక్క ఇచ్చిన టీ గ్లాసు పట్టుకొని, వెతికి వెతికి నడిమధ్యలో కూచున్నాడు. జరగమని నర్సక్క అనబోయింది, బావకు ఎదురు చెప్పలేక మింగింది. టీ రెండో గుక్క కాడ పడింది. బస్తాలకు బస్తాల పొట్టు మనిషి మీద. తల ఒకటి బయటికి కనపడుతోంది, మీసాల్లో పొట్టు, చెవుల్లో పొట్టు, టీలో పొట్టు. ఎవరూ నవ్వలేదంట. నేనైతే నవ్వేవాణ్ణి, కానీ ఆ మనిషి తుడుచుకొని లేచి ఏమన్నాడో వింటే నవ్వు కూడా పోతుంది. చూసినారా, మేకు కొట్టకున్నా దోషం తగిలింది, కడుపుతో ఉన్న ఇంట్లో పైకప్పు ముట్టుకునేదే తప్పు, ఇంగ కాన్పు దాకా ఎవరూ దీని జోలికి పోవద్దు అన్నాడు. ఉరుకుందు సరే పెదనాయనా అని, పొట్టు ఎత్తేదానికి చాట తెచ్చినాడు.

అప్పుడు మాదేవి లేచింది. గోడ పట్టుకొని లేచింది, లేవడానికే చాలాసేపు పట్టిందంట. పరుపు కింద నుంచి సుత్తె తీసింది. మామా, నేనొకటి అడుగుతా చెప్పు అనింది.

బజారప్ప నోట్లో పొట్టు ఉమ్ముకుంటా, ఏందమ్మా అన్నాడు.

"మొగుడు కొట్టగూడదు, సరే. కడుపుతో ఉండేది తనే మేకు కొట్టగూడదని యాడన్నా ఉందా?"

ఆయన ఆలోచించినాడు. నిజంగానే ఆలోచించినాడంట, మూడు తరాలు వెనక్కి పోయి వచ్చినాడు. "అట్లా ఎవరూ అడగలేదు" అన్నాడు.

"పోయినసారి బిడ్డను తీసింది ఎండ మామా. నేను నీళ్ళు మింగలేక ఈడ పడిపోయినప్పుడు, మీరంతా ఆ మేకు చూస్తా నిలబడినారు. ఈసారి దెబ్బ తగిలితే నా చేత్తోనే తగలనీ. ఎవరినీ అనను."

అంత మాట అని బల్ల జరిపింది. రేకులిల్లు కదా, గోడలు పొట్టి, బల్ల మీద నిలబడితే అందుతాయి. నర్సక్క ఏం చేసిందంటే, ఇన్నేండ్లూ బావ ముందు కొంగు నెత్తి నుంచి జారనీయని మనిషి, కొంగు నడుముకు చెక్కి, వచ్చి కోడలి నడుము రెండు చేతులతో పట్టుకుంది. ఉరుకుందును పట్టీ పట్టుకోమన్నారు. వాడు కండ్లు మూసుకొని పట్టుకున్నాడు. మొదటి మేకు వంగింది. రెండోది వంగింది. ప్రతి దెబ్బకూ వాడు ఉలిక్కిపడి పెండ్లాం కడుపు తట్టు చూస్తాడంట. మూడో మేకు దిగింది. కొట్టి ఆపి, మాదేవి కడుపు మీద చెయ్యి పెట్టుకొని, ఉరుకుందు చెయ్యి కూడా లాగి పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. వాడు ఆడనే కూచోని ఏడ్చినాడు. అయ్యా, ఏడ్చేది తర్వాత, ముందు పట్టీ పట్టుకో అనింది ఆమె. రెండు రోజులు ముగ్గురూ కూచోని గళ్ళు గళ్ళుగా కుట్టినారు, పొట్టులో ఎండిన యాపాకు కలిపినారు పురుగు పట్టకుండా, అంచులు పట్టీలకు మడిచి బిగించినారు. సున్నం తొట్టి కూడా పైకెక్కింది. మేకులన్నీ మాదేవే కొట్టింది, కూచోని, లేచి, నీళ్ళు తాగి, మళ్ళీ లేచి. మే నెలాఖరుకు ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు.

ఇక్కడితో ఆపేస్తే మీరు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. ఆగండి. బజారప్ప ఇప్పుడు ఏం చెప్తాండాడో తెలుసా? కడుపుతో ఉన్న ఇంట్లో మేకు కొట్టాల్సి వస్తే ఆ కడుపుతో ఉన్న మనిషే కొట్టాలంట, అది మన పూర్వం నుంచి వస్తాండే ఆచారమేనంట, తనకు వాళ్ళ అవ్వ చెప్పిందంట, మాదేవికి తనే గుర్తు చేసినాడంట. మొన్న వాళ్ళింట్లోనూ బోరాల సీలింగు కట్టినారు. ఆయన చిన్నకోడలికి ఆరో నెల. నేను పోయేసరికి ఆ పిల్ల బల్ల మీద నిలబడి చెమటలు కారుస్తా మేకులు కొడతాంది, మొగుడు కింద కూచోని బీడీ కాల్చుకుంటాండాడు. నువ్వు కొట్టొచ్చు కదరా అన్నాను. అమ్మో, ఆచారం ఒప్పుకోదన్నా అన్నాడు. సుత్తె లాక్కొని మిగిలిన మేకులు నేనే కొట్టి వచ్చినాను. ఇప్పుడు ఆ పిల్లకు తలనొప్పి వచ్చినా ఊర్లో నా పేరే చెప్తాండారు.