ఆదివారం పాఠం

పోటీ జరుగుతున్న హాలు బయట, ఆట మధ్యలో లేచి వచ్చిన చదరంగం మాస్టారూ, ఆయనకు తోడొచ్చిన బావమరిదీ నిలబడి ఉన్నారు.

“ఇలా బయటికొచ్చేశావేంటి బావా, భయమేస్తోందా?”

“ఏనుగుని ఎరగా వేసి రాజుకి చెక్ చెప్పానురా. తీసుకుంటే ఐదెత్తుల్లో ఆట కట్టు. వెనక్కి పారిపోయినా అంతే.”

“మరి భయం దేనికి? ఎదురుగా ఉన్నది పన్నెండేళ్ళ పిల్ల.”

“ఆ ఎత్తు వేస్తే పెద్దపెద్దవాళ్ళకే చెమటలు పట్టేవి. ఈ పిల్ల తాపీగా మంచినీళ్ళు తాగింది.”

“దాహమేసుంటుందిలే.”

“ఇదే దాడిని మొన్న ఆదివారం క్లబ్బులో పిల్లలందరికీ గొప్పగా చూపించాను.”

“నీ నోరు ఊరుకోదు కదా! ఎవరూ ఏమీ అడగలేదా?”

“ఒక్కరడిగారు, రాజు పారిపోకుండా ముందుకొస్తే ఏంటని. అంత గుండె ఎవరికుంటుందని నవ్వేశాను. వారమంతా వెతికాను, జవాబు దొరకలేదు.”

“మరెందుకు ఆడావు?”

“ముప్ఫై ఏళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది.”

“ఇంతకీ అడిగిందెవరు?”

“ముందు ఆ తలుపు అద్దంలోంచి చూడరా. ఏం చేస్తోంది?”

“ఆడేసింది బావా. గడియారం కూడా నొక్కేసింది.”

“ఏనుగుని తీసుకుందా?”

“లేదు. రాజుని ఒక గడి ముందుకు జరిపి, నీ కుర్చీ వైపు చూస్తోంది.”