ఒక్క పేరున్న చీటీ

1985. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ. అక్కడి యూనియన్ సెక్రటరీ సుందర్‌రాజు, భార్య మార్తతో ఉండేది చిట్కుల్‌లో. ప్యాకింగులో పనిచేసే బీరమ్మ పొద్దున్నే అతని ఇంటికి వచ్చింది.

“కూసో బీరమ్మా, ముందు కూసో. మార్తా, జెర చాయ్ పెట్టు.”

“చాయ్ వద్దన్న. గేటు కాడ వాచ్‌మన్ నన్ను లోపలికి రానియ్యలే. లిస్టుల నీ పేరుంది, ఇగ పని బంద్ అంటుండు. ఐదేండ్లాయె నేను ఆడ చేయవట్టి. నువ్వు మేనేజరుతోని ఒక్క మాట మాట్లాడు.”

“మాట్లాడుదాం.”

“మాట్లాడుదాం గాదు, ఇప్పుడే పోదాం పా.”

“ఇయ్యాల... ఇయ్యాల మేనేజరు ఉండడు.”

“కారు లోపలికి పోంగ సూసిన గదన్న.”

“చూసినవా.”

“ఆరుగురికి బంద్ చేసిండ్రట. యాదన్న, పెద్దరాములు, ముత్యమ్మ... ఏం తప్పు జేసినమో ఎవ్వలు చెప్తలేరు. నీకు తెల్వకుంట అయితదా?”

“తెల్వకుంట కాలే.”

“ఏంది?”

“నాకు తెలిసే అయ్యిందంటున్న.”

“గట్లెట్లన్న? మనోళ్లు గద!”

“పోయినేడు యూనియన్ తరఫున నేను రష్యా పోయొచ్చిన, యాదికుందా?”

“ఎందుకు లేదు? గేటు కాడ దండేస్తిమి. ఆడ పనోళ్లదే సర్కారు, నూటికి తొంభైతొమ్మిది మంది ఓటేస్తరని చెప్తివి. చప్పట్లు కొట్టి కొట్టి నా చేతులు మండినయి.”

“మొత్తం చెప్పలే నేను. ఆడ ఒక్కటే పార్టీ. చీటీ మీద ఒక్కటే పేరు. ఆ పేరు పైనోళ్లు ముందే అనుకుంటరు. ఒప్పుకున్నోళ్లు చీటీ మడిచి అందరి ముందల్నే డబ్బల ఏస్తరు. వద్దనుకున్నోళ్లే తెర ఎనకకు పోయి ఆ పేరు కొట్టెయ్యాలె.”

“తెర ఉన్నది గద మరి. ఎవ్వలకు కనబడుతది?”

“కొట్టేసింది కనబడది. పోయింది కనబడుతది. ఒక ముసలామె పోయింది. బల్ల కాడున్నాయన కాయితం మీద ఏందో రాసుకున్నడు. మాకు హిందీల చెప్పేటాయనను అడిగితే నవ్విండు. ఇల్లు గావాలెనని అర్జీ పెట్టుకుందట, ఇగ ఇల్లు రాదు అన్నడు.”

“పాపం.”

“నాకు సుత పాపమనిపించింది. వాపస్ వచ్చినంక ఆ మాట మింగేసిన. మీరంత చప్పట్లు కొడుతుంటే ఇంకెట్ల చెప్పాలె?”

“అది ఆడి సంగతి. మనకేంది?”

“మొన్న యూనియన్ ఎలక్షన్ పెట్టినం గద. చీటీ మీద ఒక్కటే పేరు.”

“నీదే గద. ఇంకెవ్వలున్నరు?”

“దావీదు నిలబడుతనన్నడు. యూనియన్ ఆఫీసుకు పిలిచి, భయపెట్టి, వద్దనిపించినం. తెర నేనే కట్టించిన బీరమ్మా. బల్ల కాడ నేనే కూసున్న.”

“కూసుంటివి. నేను సూసిన.”

“ఆరుగురు తెర ఎనకకు పోయిండ్రు. ఆరు పేర్లు రాసుకున్న. చీటీలు విప్పనన్న విప్పలే. గెలిచిన అని చెప్పుకున్న. ఆ తెల్లారి మేనేజరు పిలిచిండు. నలభై మందిని పర్మినెంట్ చేస్త, ఆరుగురిని తీసేస్త, ఎవ్వలను తియ్యాలెనో నువ్వే చెప్పు అన్నడు. కాయితం నా జేబులనే ఉండె.”

“నువ్వు... నువ్వే ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

“అడగనన్న అడగకపోతివి. ఒక్కసారి పిలిచి, ఏందే బీరమ్మా అని...”

“ఎట్ల అడుగుత? నీ మొఖం సూడలేకపోతున్న ఇప్పుడు సుత. నువ్వు నన్ను వద్దనుకున్నవ్, అది నీ హక్కు. నేనే...”

“నేనెందుకు వద్దనుకుంట?”

“తెర ఎనకకు పోయినవ్ గద.”

“ఓటంటే తెర ఎనకకు పోయే ఏస్తరు గదన్న. మా ఊర్ల సర్పంచు ఓటు గట్లనే ఏసిన. లోపల ముద్దర కోసం ఎతికిన, దొరకలే. ఇగ నా కండ్ల కాటుకనే వేలికి రాసుకొని, నీ పేరు మీద ఒత్తి వచ్చిన.”